త్వేర్: మాస్కో పక్కనే ఉన్నా మాస్కో కాని ఊరు

మీ అమ్మాయికి త్వేర్‌లో మెడిసిన్ సీటు వచ్చిందనీ, ఏజెంటు "మాస్కో పక్కనే" అని చెప్పి వదిలేశాడనీ రాశారు. అది ఎలాంటి ఊరు, చరిత్ర ఏమైనా ఉందా, అక్కడి జనం దేని మీద బతుకుతారు అని అడిగారు. నేను 2004 నుంచి 2010 దాకా ఆ ఊళ్లోనే చదివాను. 2019లో మళ్లీ ఒకసారి వెళ్లొచ్చాను. ఫీజులు, హాస్టళ్ల సంగతి ఏటా మారుతుంది కనక అవి ఇప్పుడు అక్కడ చదువుతున్నవాళ్లను అడగండి. ఊరి గురించి మాత్రం నాకు తెలిసినంతా చెబుతాను. ఆరేళ్లు అన్నం పెట్టిన ఊరు. దాన్ని "మాస్కో పక్కనే" అన్న రెండు ముక్కలతో తేల్చేస్తే నాకు మనసొప్పదు.

దూరం సంగతి ముందు. మాస్కో నుంచి త్వేర్ సుమారు 170 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బయల్దేరి వరంగల్ దాటి ఇంకొంచెం పోయినంత. రైల్లో రెండు గంటల లోపే చేరతారు. నాలుగు లక్షల పైచిలుకు జనాభా. వోల్గా నది ఊరి మధ్యలోంచి పారుతుంది. ఆ నది పుట్టేది కూడా ఇదే రాష్ట్రంలో, ఒస్తాష్కోవ్ వైపు వోల్గోవెర్ఖోవ్యే అనే పల్లె దగ్గర. అక్కడ చిన్న కాలువలా మొదలై, త్వేర్ చేరేసరికి మన రాజమండ్రి గోదావరంత కాకపోయినా నిండుగా కనిపించే నది అవుతుంది. త్వెర్త్సా, త్మాకా అనే రెండు ఏర్లు ఊళ్లోనే దాన్లో కలుస్తాయి.

ఇక "మాస్కో పక్కనే" అనే మాట. ఒకప్పుడు త్వేర్ మాస్కోకి శివారు కాదు, పోటీ. ఊరి లెక్క ప్రకారం త్వేర్ పుట్టింది 1135లో. మాస్కో పేరు గ్రంథాల్లో మొదట కనబడేది 1147లో. పద్నాలుగో శతాబ్దం మొదట్లో రష్యా సంస్థానాలన్నీ మంగోలుల గోల్డెన్ హోర్డ్‌కి కప్పం కట్టేవి. అందరి మీదా పెద్ద రాజు ఎవరో ఖాన్ నిర్ణయించేవాడు. ఆ పదవి త్వేర్ రాజు మిఖాయిల్ యారొస్లావిచ్‌కి దక్కింది. మాస్కో రాజు యూరీ ఒప్పుకోలేదు. 1317లో బోర్తెనెవో దగ్గర జరిగిన యుద్ధంలో మిఖాయిల్ గెలిచాడు. కానీ ఆ యుద్ధంలో యూరీ భార్య పట్టుబడి, త్వేర్‌లో ఉండగా చనిపోయింది. ఆమె స్వయానా ఉజ్బెక్ ఖాన్ చెల్లెలు. దాంతో మిఖాయిల్‌ని హోర్డ్‌కి పిలిపించి, విచారణ పేరుతో చిత్రవధ చేసి, 1318 నవంబరులో చంపేశారు. వెళితే తిరిగి రానని ఆయనకి తెలుసు. వెళ్లకపోతే సైన్యం ఊరి మీద పడుతుందని కూడా తెలుసు. తర్వాత ఆయన్ని పుణ్యపురుషుడిగా ప్రకటించారు. ఊరి నడిబొడ్డున గుర్రం మీద ఉన్న విగ్రహం ఆయనదే, 2008లో పెట్టారు. మేం చదివే రోజుల్లో అక్కడ నిలబడి స్నేహితుల కోసం ఎదురుచూసేవాళ్లం. ఈ కథ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ముందే తెలిస్తే బాగుండేదనిపిస్తుంది. అందుకే మీకు ముందే చెబుతున్నాను.

తొమ్మిదేళ్లకి ఇంకో సంగతి జరిగింది. ఖాన్ బంధువు చోల్ ఖాన్ పరివారంతో వచ్చి త్వేర్‌లో తిష్ఠవేశాడు. 1327 ఆగస్టు 15, మేరీమాత పండగ రోజు. దూద్కో అనే గుడి పరిచారకుడు బాగా బలిసిన పడుచు గోడిగను, అంటే ఆడగుర్రాన్ని, వోల్గాలో నీళ్లు తాగించడానికి తోలుకెళుతుంటే తాతార్లు, అంటే చోల్ ఖాన్ మనుషులు, లాక్కున్నారు. "త్వేర్ జనమా, నన్ను కాపాడండి" అని ఆయన కేక పెట్టాడు. గంటలు మోగాయి, ఊరంతా తిరగబడింది. చోల్ ఖాన్‌నీ అతని మనుషుల్నీ చంపేశారు. పగ తీర్చుకోడానికి హోర్డ్ సైన్యం వచ్చింది. దాని వెంట వచ్చింది ఎవరనుకున్నారు? మాస్కో రాజు ఇవాన్ కలితా. త్వేర్ బూడిదైంది, పెద్దరికం మాస్కోకి పోయింది. ఆ తర్వాత త్వేర్ పెద్ద గుడి గంటను కూడా ఊడదీసి మాస్కో పట్టుకుపోయారు. 1485లో మాస్కో రాజు మూడో ఇవాన్ సైన్యంతో వచ్చేసరికి త్వేర్ చివరి రాజు రాత్రికి రాత్రి లిథువేనియా పారిపోయాడు. అంతటితో త్వేర్ సొంత రాజ్యం ముగిసింది.

రష్యా రాజధాని త్వేర్ కావలసింది అని అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. నేను అద్దెకున్న ఇంటి ముసలావిడ టీ పోస్తూ ఈ మాట అనేది, నిన్నో మొన్నో పోగొట్టుకున్నట్టు.

ఆ రాజ్యం ఆరిపోవడానికి కొద్దిముందు, ఆ ఊళ్లోంచి ఒక వర్తకుడు బయల్దేరాడు. తెలుగువాళ్లం మనం త్వేర్‌ని గుర్తుపెట్టుకోవాల్సింది ఇతనివల్లే.

అఫనాసీ నికితిన్. 1460ల చివర్లో సరుకు వేసుకుని వోల్గా మీద పడవలో దక్షిణానికి వెళ్లాడు. ఆస్త్రాఖాన్ దగ్గర దోచుకున్నారు. పుస్తకాలూ పోయాయి. చేతులు ఖాళీగా ఇంటికి పోతే అప్పులవాళ్లు ఊరుకోరు. అందుకని దెర్బెంత్, బాకూ, పర్షియా మీదుగా హొర్ముజ్ చేరి, ఒక మగ గుర్రాన్ని కొని, దాంతో పాటు ఓడెక్కి మన పడమటి తీరంలో చౌల్ రేవులో దిగాడు. దక్కనులో గుర్రాలకి మంచి ధర అని విన్నాడు. జున్నర్ ఖాన్ ఆ గుర్రాన్నే లాక్కుని, మతం మారితే తిరిగిస్తానన్నాడు. అదృష్టంకొద్దీ ఖొరాసాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అడ్డుపడి ఇప్పించాడు. అక్కణ్నుంచి బహమనీల రాజధాని బీదర్. అక్కడ స్నేహం కుదిరిన హిందువుల వెంట ఒక పెద్ద తిరునాళ్లకి ప్రయాణం కట్టాడు. ఆ చోటుని అతను "పర్వత్" అని రాసుకున్నాడు. చరిత్రకారులు దాన్ని శ్రీపర్వతంగా, అంటే మన శ్రీశైలంగా గుర్తించారు.

ఆ వర్ణన చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఇది వాళ్ల జెరూసలేం అంటాడు. మగవాళ్లూ ఆడవాళ్లూ తలనీలాలు ఇస్తారంటాడు. తలకింత చొప్పున సుంకం కట్టాలంటాడు. రాతి గుడి చుట్టూ పన్నెండు వరుసల్లో దేవుడి లీలలు చెక్కి ఉన్నాయంటాడు. దేవుడి ఎదట నల్లరాతితో మలిచి బంగారు పూత పూసిన పెద్ద ఎద్దు ఉంది, జనం దాని గిట్టను ముద్దుపెట్టుకుని పూలు చల్లుతున్నారంటాడు. అది నందీశ్వరుడని మనకి వేరే చెప్పాలా! ఇక గుడి ఎంత పెద్దదో ఊళ్లోవాళ్లకి చెప్పాలి. దానికి అతని దగ్గరున్న కొలత ఒక్కటే. "సగం త్వేర్ అంత ఉంటుంది" అని రాశాడు.

నేను ఆ వాక్యం చదివింది రెండో ఏడు చలికాలంలో. రష్యన్ భాష నేర్పే మేడమ్ మా ఊరేదని అడిగింది. ఆత్మకూరు వైపు అని, శ్రీశైలం అడవి దగ్గర అని పటం మీద వేలు పెట్టి చూపించాను. మరుసటి క్లాసుకి ఆవిడ ఈ పేజీ జెరాక్స్ తీసి తెచ్చింది. పాత రష్యన్‌ని ఆవిడ విడమరిచి చెబుతుంటే, ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేశాను. ఇంటి మీద బెంగతో వచ్చిన ఏడుపు కాదది. అయిదు వందల ఏళ్ల కిందట ఈ ఊరివాడు మా కొండకొచ్చి, తన ఊరు గుర్తొచ్చి, ఆ గుడిని దాంతో కొలుచుకున్నాడు. నేనేమో వాళ్ల ఊళ్లో కూచుని ఏది కనబడినా మా ఊరితో కొలుస్తున్నాను.

పుస్తకాలు పోవడంతో అతనికి తన పండగల లెక్క తప్పింది. ఈస్టర్ ఎప్పుడో తెలియక అంచనా మీద ఉపవాసాలు ఉండేవాడు. మిరియాలు, రంగులు ఇక్కడ చవక, కానీ మా దేశానికి పనికొచ్చే సరుకు లేదని నిష్ఠూరంగా రాసుకున్నాడు. చివరికి ఇంటిదారి పట్టి, త్వేర్ ఇంకా చేరకుండానే స్మొలెన్స్క్ దగ్గర చనిపోయాడు. అతని రాతలు 1475లో వర్తకుల చేతుల మీదుగా మాస్కో కచేరీకి చేరాయి. అక్కడినుంచి ఏ మఠం గ్రంథాలయంలోనో పడి ఉంటే, చరిత్రకారుడు కరంజీన్ మూడు వందల ఏళ్లు దాటాక వాటిని వెలికి తీశాడు. ఆ కరంజీన్ తను రాస్తున్న రష్యా చరిత్రను 1811లో చక్రవర్తి మొదటి అలెగ్జాండర్‌కి చదివి వినిపించింది కూడా ఈ త్వేర్‌లోనే, చక్రవర్తి చెల్లెలు కాపురమున్న రాజభవనంలో. వోల్గా ఎడమ గట్టున నికితిన్ కంచు విగ్రహం ఉంది. 1955లో పెట్టారు. గుర్రం తల ముక్కున్న పడవ మీద నిలబడి ఉంటాడు. ఆ గట్టుకీ అతని పేరే.

ఇంతదూరం వచ్చాక మిగతా చరిత్ర వేగంగా చెబుతాను. 1763 మే నెలలో ఊరు దాదాపు అంతా తగలబడింది. చక్రవర్తిని రెండో కేథరీన్ కొత్త పథకం వేయించి రాతితో కట్టించింది. ఒకే చోటు నుంచి త్రిశూలంలా చీలే మూడు వీధులు ఆనాటివే. పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కో వెళుతూ రాజకుటుంబం మజిలీ చేయడానికి కట్టిన రాజభవనం ఇప్పుడు చిత్రశాల. టికెట్టు కొని ఒక పూటంతా గడపదగ్గ చోటు. అంతకన్నా పాతది ఊళ్లో దాదాపు ఏమీ మిగల్లేదు. 1564లో కట్టిన తెల్ల త్రిత్వ గుడి ఒక్కటి నిలబడింది. రాజభవనం పక్కన ఉండే ప్రధాన దేవాలయాన్ని 1935లో పేల్చేశారు. ఇటీవలే మళ్లీ అదే చోట కట్టారు. ఊరి పేరు కూడా 1931లో కలీనిన్ అయింది, 1990లో మళ్లీ త్వేర్ అయింది. పాత పుస్తకాల్లో, డిగ్రీ పట్టాల్లో కలీనిన్ అని కనబడితే వేరే ఊరనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో 1941 అక్టోబరు నుంచి డిసెంబరు 16 దాకా జర్మన్ల చేతిలో ఉంది. అక్టోబరు 17న స్తెపాన్ గొరొబెత్స్ అనే సార్జెంటు ఒక్క టీ-34 ట్యాంకుతో, కాలుతూ, శత్రువులు నిండిన ఊరి మధ్యలోంచి దూసుకుపోయి అవతల తనవాళ్లను చేరుకున్నాడు. కొన్ని నెలలకే యుద్ధంలో చనిపోయాడు. డిసెంబరు 16న ఊళ్లో పువ్వులు పెట్టేవాళ్లను చూస్తారు, అమ్మాయిని కూడా వెళ్లమనండి.

ఇంకొకటి చెప్పకుండా దాటెయ్యలేను. వైద్య విశ్వవిద్యాలయం 1936లో లెనిన్‌గ్రాద్‌లో దంతవైద్య సంస్థగా పుట్టి, 1954లో ఈ ఊరికి వచ్చింది. దాని ప్రధాన భవనం, సొవెత్స్కయా వీధిలోది, అంతకుముందు రహస్య పోలీసు కార్యాలయం. 1940 వసంతంలో ఒస్తాష్కోవ్ శిబిరం నుంచి తెచ్చిన ఆరు వేల పైచిలుకు పోలండ్ ఖైదీలను ఆ భవనం నేలమాళిగలో కాల్చి చంపారు. వాళ్లలో ఎక్కువమంది పోలీసులు, సరిహద్దు కావలివాళ్లు. రాత్రికి రాత్రి శవాలను మేద్నోయే పల్లె దగ్గర అడవిలో పూడ్చారు. నేను చదివే రోజుల్లో గోడకి స్మారక ఫలకాలుండేవి. 2020 మే నెలలో తీసేశారు. మేద్నోయేలో స్మృతివనం ఉంది. మీ అమ్మాయి ప్రాణం నిలబెట్టే విద్య నేర్చుకోబోయే భవనం అది. ఆ గోడల మధ్య ఏం జరిగిందో తెలిసి నేర్చుకోవడం మంచిదని నా నమ్మకం.

జనం దేని మీద బతుకుతారన్న ప్రశ్నకి జవాబు "దారి మీద". మాస్కో, పీటర్స్‌బర్గ్ అనే రెండు రాజధానుల మధ్య ఉన్న ఊరికి అంతకంటే వేరే ఆధారం ఉండదు. పీటర్ చక్రవర్తి కాలంలో వోల్గా నుంచి త్వెర్త్సా ఎక్కి వీష్నీ వొలొచ్యోక్ కాలువ గుండా పీటర్స్‌బర్గ్‌కి ధాన్యం పడవలు పోయేవి. పడవలు లాగేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, పూటకూళ్లవాళ్లు అందరూ ఆ దారి మీదే బతికారు. 1851లో రెండు రాజధానుల మధ్య రైలు పడగానే ఆ బతుకు పోయింది. కానీ రైలు ఇంకో బతుకు తెచ్చింది. 1850ల చివర్లో మొరోజోవ్ కుటుంబం ఇక్కడ నూలు మిల్లు పెట్టి, కూలీల కోసం ఎర్ర ఇటుకతో ఒక ఊరే కట్టింది. బ్యారక్‌లు, ఆస్పత్రి, బడి, నాటకశాల అన్నీ అందులోనే. ఒక బ్యారక్‌ని జనం "పారిస్" అని పిలుస్తారు. ఒక్కో గదిలో కుటుంబాలకు కుటుంబాలు సర్దుకుని బతికాయి. సోవియట్ కాలంలో మిల్లు పేరు ప్రొలెతార్కా. తొంభైల తర్వాత మగ్గాలు ఆగిపోయాయి. ఆ భవనాల్లో చాలా భాగం పాడుబడ్డాయి. మన ఆజంజాహీ మిల్లు మూతపడ్డాక వరంగల్‌లో ఎలా మాట్లాడుకుంటారో అక్కడా అలాగే మాట్లాడుకుంటారు: మా అమ్మమ్మ అక్కడ చేసేది, మా తాత అక్కడ చేసేవాడు అని.

నిలబడింది మాత్రం రైలు పెట్టెల కర్మాగారం. 1898లో మొదలైంది. రష్యాలో దూరప్రయాణపు రైళ్లకి పెట్టెలు కట్టే అతి పెద్ద కర్మాగారం ఇదే. రెండంతస్తుల పెట్టెలూ ఇక్కడివే. మాస్కో నగరంలోనూ దాని శివార్లలోనూ తిరిగే కొత్త లోకల్ రైళ్ల పేరు ఇవోల్గా, అంటే వంగపండు పిట్ట. అవీ త్వేర్‌లోనే తయారవుతాయి. నా స్నేహితుడి తండ్రి అక్కడ వెల్డరు. రైల్లో వెళుతుంటే పెట్టె గోడ మీద చెయ్యేసి "ఇది మాదే" అనేవాడు, ఆ మాటలో ఎంత గర్వమో. ఇవి కాక పిల్లల పుస్తకాలు అచ్చేసే పెద్ద ముద్రణాలయం, ఈమధ్య హైవే పక్కన వచ్చిన ఆన్‌లైన్ అంగళ్ల గోదాములు ఉన్నాయి. చదువుకున్న కుర్రాళ్లు మాత్రం మాస్కో జీతాల కోసం పొద్దున్నే రైలెక్కి రాత్రికి తిరిగొస్తారు. సోమవారం తెల్లవారుజామున స్టేషన్‌కి వెళితే ఊరి ఆర్థిక స్థితి అంతా కళ్లముందు కనబడుతుంది. మంచి డాక్టర్లు కూడా అలాగే పోతున్నారని మా ప్రొఫెసర్లు బాధపడేవారు.

సంస్కృతి అంటే గంభీరంగా ఏదో ఊహించుకోకండి. నీతికథల కవి క్రిలోవ్ చిన్నతనం ఇక్కడే గడిచింది. వ్యంగ్య రచయిత సల్తికోవ్ షెద్రీన్ 1860 నుంచి రెండేళ్లు ఇక్కడ ఉప గవర్నరుగా ఉన్నాడు, ఆయన పేర ఒక మ్యూజియం ఉంది. పక్క ఊరు తొర్జోక్ బంగారు జరీ కుట్టుపనికి పేరు. టాక్సీ ఎక్కితే మాత్రం వినబడేది మిఖాయిల్ క్రూగ్, జైలు బతుకుల పాటలు పాడిన ఈ ఊరి గాయకుడు. 2002లో ఇంట్లోనే హత్యకి గురయ్యాడు. చదువుకున్నవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు, కానీ విగ్రహం పక్కన ఫోటో దిగని యాత్రికుడు ఉండడు. చుట్టుపక్కల పల్లెల్లో కరేలియన్లు ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో తమ నేల స్వీడన్ చేతికి పోతే, తమ మతాన్ని కాపాడుకుంటూ ఇటు వలస వచ్చినవాళ్లు. లిఖొస్లావ్ల్ వైపు ముసలివాళ్ల నోట ఇంకా వాళ్ల భాష వినబడుతుంది. నాకు అక్కడి పల్లె వైద్యశాలలో రోగి ఒకావిడ తన భాషలో ఒకటి నుంచి పది దాకా నేర్పింది, నేను ఆమెకి తెలుగులో నేర్పాను.

2019లో వెళ్లినప్పుడు నన్ను బాధపెట్టింది ట్రాము. 1901లో మొదలైన ట్రాములు 2018 చివర్లో పూర్తిగా ఆగిపోయాయి. నా ఆరేళ్ల చదువు సగం వాటి కిటికీల పక్కనే సాగింది. వోల్గా ఒడ్డున 1938 నాటి పడవల స్టేషన్ కూడా 2017లో ఒక భాగం కూలిపోయింది. ఊరు మాస్కో నీడలో ఉండటమంటే ఇదే: డబ్బూ, దృష్టీ రెండూ ముందు అటే పోతాయి. కానీ వోల్గా మీది పాత వంతెన అలాగే ఉంది. సాయంత్రం నదిగట్టున నడిచే ముసలి దంపతులు అలాగే ఉన్నారు.

అమ్మాయికి నాలుగు మాటలు. రష్యన్ భాష మొదటి ఏడే గట్టిగా పట్టాలి, తర్వాత నేర్చుకుందాంలే అనుకుంటే వార్డుల్లో రోగి చెప్పేది అర్థం కాదు. మార్కెట్లో, బస్సులో పెద్దావిడలు గద్దించినట్టు మాట్లాడతారు, టోపీ పెట్టుకోలేదేమని తెలియని పిల్లల్ని కూడా కోప్పడతారు. అది కోపం కాదు. కేఫీర్ మన మజ్జిగలా కడుపుకి చల్లన. గ్రేచ్కా అనే గోధుమరంగు గింజల అన్నం మొదట నోటికి ఎక్కదు, నెల తర్వాత వదలబుద్ధి కాదు. వోల్గా గడ్డకట్టాక దాని మీద కూచుని రంధ్రం చేసి చేపలు పట్టేవాళ్లు కనబడతారు, వాళ్లను చూసి తనూ మంచు మీదికి నడవకూడదు. ఎక్కడ గట్టిగా ఉందో వాళ్లకి తెలుసు, మనకి తెలియదు.

బయల్దేరేది సెప్టెంబరులో అయితే ఇంకా టైముంది. ముందు ఒకసారి అమ్మాయిని శ్రీశైలం తీసుకెళ్లండి. దర్శనం అయ్యాక నంది దగ్గర కాసేపు కూచోబెట్టి, ప్రాకారం మీది బొమ్మలు చూపించండి. ఒక ఫోటో తీసి ఇవ్వండి. త్వేర్ చేరాక మొదటి ఆదివారమే, నది గడ్డకట్టకముందే, పాత వంతెన దాటి నికితిన్ గట్టుకి వెళ్లమనండి. నేను ఆరేళ్లున్నా శ్రీశైలం ఫోటో ఒక్కటీ పట్టుకెళ్లలేదు. ఆ మేడమ్ ఎన్నిసార్లో అడిగింది.